మూత మీద రాసింది చదవకుండానే మూత తీశాను

సిద్దిపేట కోమటి చెరువు కట్ట మీద పొద్దున ఆరింటికి నడిచేవాళ్ల నోట షుగర్ మాట ఎంత వినిపిస్తుందో, సైకిళ్లోళ్ల నోట బ్రేకు మాట అంత వినిపిస్తుంది. "అన్నా, బ్రేకు మెత్తగైంది." "గాలి పట్టింది తమ్మీ, ఆయిల్ మార్పియ్యి." రోగం ఏమిటో చూడకముందే మందు చెప్పడం మనకు కొత్త కాదు. కానీ హైడ్రాలిక్ డిస్క్ బ్రేకు విషయంలో ఆ మందు ఒక్కోసారి బ్రేకునే తినేస్తుంది. నాది అలాగే పోయింది.

అపోహ: బ్రేక్ ఆయిల్ ఏదైనా ఒక్కటే

మూడేళ్ల కింద చంద్లాపూర్ దగ్గర రంగనాయక సాగర్ కట్ట దాకా వెళ్లొచ్చిన రోజు, ముందు బ్రేకు లివర్ హ్యాండిల్‌కు తాకడం మొదలైంది. తెలిసిన బైకు మెకానిక్ దగ్గరికి తోసుకెళ్లాను. "సైకిల్‌కు నేనెప్పుడు పొయ్యలే సార్" అని అతను అంటూనే ఉన్నాడు. "బ్రేకే కదా, పొయ్యి" అన్నది నేనే. అరలోంచి బైకులకు పోసే డాట్ 4 బ్రేక్ ఆయిల్ సీసా తీసి పోశాడు. రెండు రోజులు బ్రహ్మాండంగా పనిచేసింది. మూడో వారానికి లివర్ నొక్కితే వెనక్కి రావడం మానేసింది. చక్రం చేత్తో తిప్పితే సగం తిరిగి ఆగిపోయింది. అప్పుడు కళ్లద్దాలు పెట్టుకుని చూస్తే లివర్ మూత మీద చిన్న ఇంగ్లీషు అక్షరాల్లో ఉంది: మినరల్ ఆయిల్ మాత్రమే.

లోపల జరిగింది ఇదీ. బ్రేకు లోపల పిస్టన్ల చుట్టూ రబ్బరు సీళ్లుంటాయి. ఆ రబ్బరును ఏ నూనె కోసం తయారుచేస్తే దానికే తట్టుకుంటుంది. మినరల్ ఆయిల్ బ్రేకులో డాట్ పోసినా, డాట్ బ్రేకులో మినరల్ ఆయిల్ పోసినా సీళ్లు ఉబ్బుతాయి, మెత్తబడతాయి, పిస్టన్ బిగుసుకుంటుంది. తర్వాత ఎంత కడిగినా ఉబ్బిన రబ్బరు పాత రూపానికి రాదు. నేను లివరూ, చక్రం దగ్గర ప్యాడ్లను డిస్కుకు నొక్కే కాలిపరూ రెండూ మార్చాల్సి వచ్చింది.

షిమానో, మాగురా, టెక్ట్రో బ్రేకులకు మినరల్ ఆయిల్. హోప్ వాళ్లవి డాట్, హేస్ వాళ్లవి చాలావరకు డాట్. శ్రామ్ చాలాకాలం డాట్‌తోనే నడిచింది. కానీ వాళ్ల డీబీ8, మావెన్ బ్రేకులకు మినరల్ ఆయిలే పొయ్యాలి. అందుకే కంపెనీ పేరు చూసి నూనె కొనకండి, మూత చూసి కొనండి. డాట్‌లో ఇంకో మెలిక ఉంది. 3, 4, 5.1 ఒక జాతి, గ్లైకాల్ ఈథర్‌వి. డాట్ 5 మాత్రం సిలికాన్. 5కూ 5.1కూ తేడా ఒక చుక్కే కదా అనుకుంటే పొరపాటే, రెండూ వేర్వేరు పదార్థాలు. పైగా డాట్ నూనె సైకిల్ పెయింటును లేపేస్తుంది. ఒలికితే వెంటనే నీళ్లతో కడగాలి.

మినరల్ ఆయిల్ అంటే మెడికల్ షాపులో దొరికే లిక్విడ్ పారాఫినే కదా, చవగ్గా పడుతుందని చెప్పే పెద్దలూ ఉన్నారు. అది మలబద్ధకానికి మందు. చిక్కదనం వేరు. కుట్టుమిషన్ నూనెకూ ఇదే జవాబు.

అపోహ: లివర్ తేడా చేసిందంటే గాలి పట్టినట్టే

ఎక్కువ పాడుచేసేది ఈ నమ్మకమే. గాలి పడితే ఏమవుతుందో ముందు చూద్దాం. నూనె నొక్కితే నలగదు, అందుకే వేలి బలం గొట్టంలోంచి పిస్టన్ దాకా పోతుంది. గాలి బుడగ నలుగుతుంది. లివర్ సగం దూరం ఆ బుడగను నలపడానికే సరిపోతుంది, ప్యాడ్‌కు మిగిలేది తక్కువ. దీనికి గుర్తు: లివర్‌ను టకటకా నాలుగైదుసార్లు నొక్కితే గట్టిపడుతుంది, కాసేపు వదిలేస్తే మళ్లీ మెత్తబడుతుంది. ఇలా ఉంటేనే గాలి తీయాలి.

లివర్ దూరం పోతోంది కానీ చివర్లో రాయిలా గట్టిగా ఉందనుకోండి, అది ప్యాడ్ల అరుగుదల. లేదంటే పిస్టన్లు దుమ్ము పట్టి కదల్లేకపోవడం. మన దగ్గర రెండోదే ఎక్కువ. వానాకాలం పంట కోతలప్పుడు, యాసంగి కోతలప్పుడు, ఊళ్ల దారుల్లో రోడ్డుకు సగం వడ్లో మక్కలో ఆరబోసి ఉంటాయి. ఆ పొట్టు, ఆ దుమ్ము మీదుగానే పోతాం కదా. మొన్న నా వెనక కాలిపర్ విప్పితే పిస్టన్ అంచున వడ్ల పొట్టు నూనెలో నానిన దూదిలా ముద్దకట్టి ఉంది. మెత్తటి బ్రష్‌తో తుడిచి, పిస్టన్‌ను ప్లాస్టిక్ టైర్ లివర్‌తో లోపలికి నెట్టాను, నాలుగుసార్లు బయటికి లోపలికి ఆడించాను. బ్రేకు మళ్లీ కొత్తదిలా అయింది. చుక్క నూనె మార్చలేదు.

లివర్ గట్టిగానే ఉంది, కానీ సైకిల్ ఆగడం లేదంటే తప్పు నూనెది కాదు. డిస్కుకో ప్యాడ్‌కో జిడ్డు అంటింది.

అపోహ: ప్యాడ్లు అరిగితే తీగ బిగించినట్టు బిగించుకోవాలి

తీగ బ్రేకుల రోజుల అలవాటు ఇది. హైడ్రాలిక్‌లో ప్యాడ్ అరిగినకొద్దీ పిస్టన్ తనే ముందుకొస్తుంది, లివర్ దగ్గరి చిన్న తొట్టిలోని నూనె ఆ ఖాళీని నింపుతుంది. తొట్టిలో తగ్గింది కదా అని మధ్యలో నూనె పోయిస్తే, కొత్త ప్యాడ్లు వేసే రోజు పిస్టన్ లోపలికి పోదు. ఒక పక్క ప్యాడ్లు, ఒక పక్క నిండిన తొట్టి, మధ్యలో మీరు. షిమానో ప్యాడ్‌కు రాపిడి పొర 0.5 మి.మీ. దాకా వచ్చిందంటే మార్చాలి. డిస్కు కొత్తప్పుడు 1.8 మి.మీ., 1.5కు వస్తే అదీ పోయినట్టే.

అపోహ: కీచుమంటే కాస్త నూనె రాయాలి

వద్దు. డిస్కు మీద నూనె రాసి బండెక్కడమంటే బావిలో దూకి లోతు చూడటమే.

కీచు శబ్దానికి మన ఊళ్లో తరచూ దొరికే కారణం వాటర్ సర్వీసింగ్. సైకిల్‌ను కూడా బైకులతో కలిపి కడిగిస్తాం. నీళ్లు కొట్టాక, తుప్పు పట్టకుండా, మెరిసేట్టు డీజిల్ స్ప్రే చేస్తారు. బైకు ఇంజను కింద అది బాగానే ఉంటుంది. మన డిస్కు మీద పడితే ప్యాడ్ పీల్చేసుకుంటుంది. చైను మీద కొట్టే స్ప్రే కూడా వెనక డిస్కు మీద ఇలాగే పడుతుంది. డిస్కునైతే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ తడిపిన శుభ్రమైన గుడ్డతో తుడవాలి. కరోనా రోజుల్లో మిగిలిన శానిటైజర్ పనికిరాదు, అందులోని గ్లిసరిన్ డిస్కుకు అంటుకుంటుంది. ప్యాడ్ పైపైన జిడ్డు పడితే ఉప్పుకాగితం మీద రుద్ది చూడొచ్చు. లోపలిదాకా పీల్చిందంటే పారేయడమే. కొందరు స్టవ్ మీద కాల్చి నూనె ఆవిరైందని సంబరపడతారు. పొగ ఇంట్లో మిగులుతుంది, కీచు సైకిల్‌కు మిగులుతుంది.

అపోహ: సైకిల్ బోర్లా పెడితే బ్రేకు పాడైనట్టే

పంక్చర్ అయితే సీటు మీదా హ్యాండిల్ మీదా బోర్లించడం మనందరి పద్ధతి. తొట్టిలో పై అంచున చిన్న గాలి ఉంటే బోర్లించినప్పుడు అది గొట్టంలోకి పోవచ్చు, నిలబెట్టగానే బ్రేకు మెత్తగా అనిపిస్తుంది. గాబరా అక్కర్లేదు. నిలబెట్టి లివర్‌ను పదిసార్లు నొక్కండి, బుడగ పైకెళ్లి కూర్చుంటుంది. నొక్కి చూడకుండా రాజీవ్ రహదారి ఎక్కకండి, అంతే. పదేపదే ఇలా అవుతోందంటే మాత్రం తొట్టిలో గాలి ఎక్కువైందని అర్థం.

చక్రం విప్పి ఉన్నప్పుడు పిల్లలు లివర్ నొక్కడం ఇంకో రకం. పిస్టన్లు దగ్గరికి వచ్చేస్తాయి, డిస్కు దూరదు. ఇదీ ప్లాస్టిక్ టైర్ లివర్‌తో నెట్టే పనే.

అపోహ: మన ఎండలకు బ్రేక్ ఆయిల్ మరుగుతుంది

మే నెల 43 డిగ్రీల ఎండ చర్మానికి ఎక్కువ, నూనెకు లెక్కలోది కాదు. డాట్ 4 కొత్తది కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదని ప్రమాణం. అదే నూనె గాల్లోని తేమ పీల్చుకుని నీరు 3.7 శాతం దాకా చేరితే ఆ హద్దు 155కు దిగుతుంది. మినరల్ ఆయిల్ తేమను పీల్చదు, కానీ ఎలాగో నీరు చేరితే అది కలవకుండా అడుగుకు, అంటే వేడెక్కే కాలిపర్ దగ్గరికే చేరుతుంది. నూరు డిగ్రీలకే ఆవిరవుతుంది.

ఆ వేడి ఎక్కడ పుడుతుందో ఒక చిన్న లెక్క చూడండి. మనిషీ సైకిలూ కలిపి 90 కిలోలు, 30 కిలోమీటర్ల వేగం. ఒక్కసారి ఆపితే బ్రేకులకు చేరే శక్తి సుమారు 3 కిలోజౌళ్లు. అదే మనిషి 100 మీటర్ల ఎత్తు నుంచి నెమ్మదిగా బ్రేకు పట్టుకునే దిగితే దాదాపు 88. అరకు ఘాట్‌లోనో శ్రీశైలం ఘాట్‌లోనో దిగేవాళ్లు పాత నూనె గురించి ఆలోచించాలి. సిద్దిపేట చుట్టుపక్కల తిరిగేవాళ్లు దుమ్ము గురించి ఆలోచిస్తే చాలు.

అపోహ: పైనుంచి పోస్తే గాలి దానంతటదే పోతుంది

గాలి పైకి పోతుంది కాబట్టి నూనె కిందినుంచి ఎక్కాలి. షిమానో పద్ధతిలో మొదట చక్రం తీసి, ప్యాడ్లు తీసి పక్కన పెడతారు. పిస్టన్ల మధ్య పసుపు దిమ్మె పెడతారు. లివర్‌ను నేలకు సమంగా తిప్పి, మరతీసి, గరాటు బిగిస్తారు. కాలిపర్ దగ్గరి నిపుల్‌కు సిరంజి గొట్టం తగిలించి, ఎనిమిదో వంతు తిప్పు మాత్రం వదులు చేసి గులాబీ రంగు నూనె నెమ్మదిగా నెడతారు. గరాటులో బుడగలు ముందు పెద్దవిగా, తర్వాత ఆవగింజల్లా వస్తాయి. కాలిపర్‌ను స్క్రూడ్రైవర్ పిడితో తట్టితే అతుక్కున్నవీ కదులుతాయి. ఆ తర్వాత లివర్‌ను కాస్త పైకీ కిందికీ వంచి నొక్కుతూ ఉండాలి. ఇక్కడే ఓపిక చాలక నేను రెండుసార్లు మధ్యలో ఆపేశాను, రెండుసార్లూ మళ్లీ మొదటికొచ్చింది.

ఏడాదికోసారి చేయాలా అని అడుగుతారు. డాట్ బ్రేకులకు అది మంచి అలవాటే, తేమ కారణంగా. మినరల్ ఆయిల్ అయితే రంగు బాగా మారినప్పుడో, ఇందాక చెప్పిన మెత్తదనం గుర్తు కనిపించినప్పుడో తీస్తే చాలు. తీసిన నూనెను సీసాలో పోసి గ్యారేజీ వాళ్ల వ్యర్థపు డబ్బాలో కలపండి. కాలువలో పొయ్యకండి.

ప్యాడ్లు కొత్తవి వేస్తే మరుసటి పొద్దున వడ్లు ఆరబోయకముందే ఖాళీ రోడ్డుకు వెళ్లండి. ఓ మాదిరి వేగం అందుకుని, చక్రం జారకుండా, నడక వేగానికి వచ్చేదాకా బ్రేకు పట్టండి. పూర్తిగా ఆగకండి. ముందుదానికి ఇరవై, వెనకదానికి ఇరవై. మొదటి ఐదారుసార్లు పట్టు ఉండదు. పదిహేను దాటాక చూపుడు వేలు ఒక్కటే సరిపోతుంది.