వీథివైపు చూడని మందిరము

దేవాలయమన్న తోడనే మన కన్నులకు మిన్నుముట్టు గోపురమో, శిలువను ధరించిన శిఖరమో తోచును. ఇంగ్లండునందలి బ్రిస్టల్ నగరమున, అంగళ్ల నడుమ నొదిగియున్న ‘న్యూ రూమ్’ అను ప్రార్థనామందిరమునకు అట్టివేవియు లేవు. పేరైనను పుణ్యపురుషునిది కాదు. ‘క్రొత్త గది’ యని మాత్రమే అర్థము. ప్రపంచమునగల మెథడిస్టు కట్టడములలో నెల్ల ప్రాచీనమైనది ఇదియే.

1739 వసంతమున జాన్ వెస్లీ బ్రిస్టల్‌నకు వచ్చి, బొగ్గుగని కూలీలు మొదలగు బీదసాదలకు ఆరుబయట బోధింపసాగెను. వినవచ్చినవారికి ఒక నీడ కావలెనని ఆ యేడే ఈ గదిని కట్టించెను, 1748లో విస్తరింపజేసెను. కట్టడపు అప్పు తీర్చుటకై 1742లో సభ్యులు వారమునకొక పెన్నీ చొప్పున ఇచ్చునట్లు నిర్ణయించిరి. పన్నెండుగురికొకరు చొప్పున ఇల్లిల్లు తిరిగి వసూలు చేయుచు, వారి కష్టసుఖములనుకూడ విచారింపసాగిరి. మెథడిస్టు సమాజమునకు వెన్నెముకయైన ‘క్లాసు’ పద్ధతి ఆ అప్పునుండి పుట్టినదే.

ఆనాడు వెస్లీ అనుచరులపై అల్లరిమూకలు రాళ్లు రువ్వుట సాధారణము. అందుచే క్రింది అంతస్తున వీథివైపు కిటికీలు పెట్టలేదు. పైకప్పునందలి అష్టభుజాకారపు గాజుగూటినుండి వెలుగు దిగును. సాదా రాతిస్తంభములు, వానిపై గ్యాలరీలు, ఎదుట రెండంతస్తుల ప్రసంగవేదిక, మేడపైన బోధకుల బసగదులు. వారు ఊరూర గుఱ్ఱముపై తిరుగువారగుటచే ప్రక్కనే ఒక గుఱ్ఱపుశాల. బీదలకు మందులును, పిల్లలకు చదువును ఇచ్చటనే లభించెడివి.

అయితే అసలు పరీక్ష లోపలనే యెదురైనది. బ్రిస్టల్ ఐశ్వర్యమునకు ఆఫ్రికా బానిసల వ్యాపారము ఒక ముఖ్యాధారము. దానిని ఖండించుచు 1774లోనే గ్రంథము వ్రాసిన వెస్లీ, 1788 మార్చిలో, ఎనుబదినాలుగేండ్ల వయసున, ముందుగా చాటించి మరీ ఇచ్చట ఆ విషయముపై ప్రసంగించెను. నడుమ పెద్ద కలకలము చెలరేగెను. జనము ఒకరిపైనొకరు పడిరి, బల్లలు విరిగెను. కొన్ని నిమిషములకు అంతయు సద్దుమణగెను. మరునాడు బానిసల విముక్తికై ఉపవాసప్రార్థనలు జరిపిరి. ఈ వృత్తాంతమును వెస్లీ తన దినచర్యలో వ్రాసికొనెను. బ్రిటిషు పార్లమెంటు ఆ వ్యాపారమును నిషేధించినది 1807లో. వెస్లీ అప్పటికి గతించి పదునారేండ్లాయెను.

తుదివరకు ఆయన తన్ను ఇంగ్లండు సంఘపు గురువుగానే యెంచుకొనెను. 1791లో ఆయన మరణించిన పిమ్మటనే మెథడిస్టులు వేరుపడిరి. 1808లో ఈ గది వేల్సుదేశపు కాల్వినిస్టు మెథడిస్టుల చేతికి పోయి, 1929లో మరల వెస్లీ సంతతివారికి దక్కినది. మరుసటి యేడు వాస్తుశిల్పి జార్జి ఓట్లీ దీనిని పునరుద్ధరించెను. రెండవ ప్రపంచయుద్ధమున బాంబులు చుట్టుపట్ల వీథులను నేలమట్టము చేసినను ఇది నిలిచినది.

వెస్లియన్ మిషనరీలు తెలుగునేలపై మెదకున కట్టించి, 1924లో ప్రతిష్ఠించిన మహాదేవాలయమును చూచినవారు దాని గోపురపు టెత్తునకు అబ్బురపడుదురు. ఆ సంప్రదాయపు మొదటి కట్టడము మాత్రము ఈ చిన్నగదియే. ఇది రాళ్లకు వెరచి వీథివైపు కిటికీలు మానుకొన్నది. కాని వీథిలో జరుగు అన్యాయమునకు వెరచి నోరు మూసికొనలేదు.