పాత కంప్యూటరు పారేయాలా?

కంప్యూటరు తనంతట తాను పని చేయదు. లోపల ఒక పెద్ద ప్రోగ్రాం ఉండి అన్నీ నడిపిస్తుంది. దాన్ని ఆపరేటింగ్ సిస్టం అంటారు.

విండోస్ 10 అలాంటిదే. ఎన్నో ఇళ్ళలో అదే ఉంది. 2025 అక్టోబరు 14న మైక్రోసాఫ్ట్ కంపెనీ దానికి మామూలు మద్దతు ఆపేసింది. విండోస్ 11 చాలా పాత కంప్యూటర్లలో ఎక్కదు. "ఆటలాడాలంటే కొత్తది కొనాలి" అంటారు పిల్లలు. వేలకు వేలు ఎక్కడి నుంచి తేవాలి?

ఇంకో దారి ఉంది. దాని పేరు లైనక్స్. 1991లో ఫిన్లాండు దేశంలో లైనస్ టోర్వాల్డ్స్ అనే విద్యార్థి దీన్ని మొదలుపెట్టాడు. తర్వాత ఎందరో చేయి వేశారు. దీన్ని ఉచితంగా వాడుకోవచ్చు.

మరి ఆటలు? చాలా ఆటలు విండోస్ కోసమే తయారవుతాయి. 2018లో వాల్వ్ కంపెనీ ప్రోటాన్ అనే ప్రోగ్రాం తెచ్చింది. అది దుబాసీ లాంటిది. ఆట చెప్పే మాటను లైనక్స్‌కు తెలిసేలా మారుస్తుంది. అందుకే ఇప్పుడు చాలా ఆటలు ఆడుకోవచ్చు. అన్నీ కాదు. ఫోర్ట్‌నైట్, వాలరెంట్ నడవవు. బరువైన ఆటలకు పాత కంప్యూటరు చాలదు.

మార్చేముందు మూడు పనులు చేయాలి.

1. పిల్లలు ఆడే ఆట లైనక్స్‌లో నడుస్తుందో లేదో కనుక్కోవాలి.
2. ఫోటోలు, సంఘం లెక్కలు, ఇంటి కాగితాల నకళ్ళు ఒక పెన్‌డ్రైవులో దాచాలి. సిస్టం మార్చితే పాతవన్నీ చెరిగిపోవచ్చు.
3. లైనక్స్‌ను వేరే పెన్‌డ్రైవులో పెట్టి నడిపి చూడాలి. బొమ్మ, శబ్దం, ఇంటర్నెట్ బాగుంటేనే కంప్యూటరులో ఎక్కించాలి.

ఆట పిల్లలదే. అందులోని కాగితాలు ఇంటిల్లిపాదివీ. "నకళ్ళు తీశావా?" అని తల్లి ముందే అడగాలి.