రెండు యంత్రములు, ఒక తీగ

మెట్టుగూడ రైల్వేవారి పేట. ఇచ్చటి క్వార్టర్లలో గార్డులు, డ్రైవర్లు, సిగ్నలు పనివారు తరతరములుగా కాపురమున్నారు. పొరుగుననే తార్నాకలో 1957లో నెలకొల్పబడిన రైల్వే సిగ్నల్, టెలికమ్యూనికేషన్ శిక్షణ సంస్థ కలదు. ఇట్టి చోట బ్లాకు యంత్రము సంగతి ఎరుగనివారు అరుదు. ఒంటి లైను మార్గమున పక్క పక్క స్టేషన్లలో రెండు యంత్రములుండును. వాని నడుమ తీగ యుండును. ఒక స్టేషను మాస్టరు గంట మ్రోగించి అడుగును. రెండవ స్టేషను మాస్టరు సమ్మతించి తన వంతు పని చేసినగాని మొదటివాని యంత్రమునుండి లోహపు బంతి వెలికి రాదు. ఆ బంతి చేతనుండిననే డ్రైవరుకు ముందుకు సాగు అధికారము. ఒక బంతి వెలుపల నున్నంతవరకు ఏ వైపునుండియు మరియొకటి రాదు. మైళ్ల దూరమున నున్న రెండు యంత్రములు ఒకే సంగతిని ఒకే విధముగా నమ్మవలెననుటయే ఇందలి మర్మము.

ఈ మర్మమే మరియొక రూపమున, పిల్లలాడుకొను ఆటలోను కనిపించును. ఇంటర్నెట్టు ఇంటింటికి రాక పూర్వము, రెండు కంప్యూటర్లను ఒక సీరియల్ తీగతో కలిపి ఇద్దరు ఎదురుబొదురుగా కూర్చుండి ఆడెడివారు. ఆట యనగానే పెద్దలు పెదవి విరుతురు. కాని ఆ తీగ చేయు పనిని తెలిసికొన్నచో, అందులో ఎంత విద్య యిమిడియున్నదో తేటపడగలదు.

సీరియల్ అనగా ఒకదాని వెనుక ఒకటిగా పంపుట. ఎనిమిదిమంది బారులు తీరి ఒకేసారి ఎనిమిది ద్వారముల గుండ పోవుట యొక పద్ధతి. ఒకే ద్వారమున వరుసగా ఒకరి తరువాత ఒకరు పోవుట రెండవ పద్ధతి. సీరియల్ తీగలో ఎనిమిది బిట్లు ఈ రెండవ విధముననే నడచును. ప్రతి ఎనిమిదింటికి ముందు ‘ఇదిగో వచ్చుచున్నది’ అనుటకు ఒక బిట్టు, పిమ్మట ‘ముగిసినది’ అనుటకు ఒక బిట్టు చేరును. ఈ ఆచారము టెలిప్రింటరు నుండి సంక్రమించినది. వేగమును కొలుచుటకు వాడు ‘బాడ్’ అను మాటయు ఫ్రాన్సు దేశపు తంతి నిపుణుడు ఎమిల్ బాడో పేరిట ఏర్పడినదే. 1960లో అమెరికాలో ఆర్.ఎస్. 232 అను ప్రమాణము వెలువడిన తరువాత వేర్వేరు కంపెనీల యంత్రములు ఒకే తీగపై మాటలాడుకొనుటకు వీలు కలిగెను.

అయితే ఆ ప్రమాణము కంప్యూటరును మోడెముతో కలుపుటకు పుట్టినదే కాని, రెండు కంప్యూటర్లను కలుపుటకు కాదు. రెంటిని ఉన్నదున్నట్లు కలిపినచో, ఇద్దరు మనుష్యులు టెలిఫోను గొట్టములను నోటికి నోరు, చెవికి చెవి చేర్చినట్లగును. ఒకరు పలికినది మరియొకరికి వినబడదు. కావున పంపు తీగను అవతలివాని అందుకొను పిన్నుకు, అందుకొను తీగను అవతలివాని పంపు పిన్నుకు అడ్డముగా మార్చి కలుపవలెను. తొమ్మిది పిన్నుల పోర్టులో రెండవది అందుకొనునది, మూడవది పంపునది, అయిదవది ఉమ్మడి భూమి. ఈ మూడు తీగలే ముఖ్యము. మోడెము లేకయే మోడెము ఉన్నట్లు భ్రమింపజేయును గనుక దీనికి నల్ మోడెము కేబుల్ అని పేరు.

ఇక వేగమును లెక్కింతము. సెకనుకు 9600 బిట్లు పోవు తీగపై, బైటుకు పది బిట్ల చొప్పున, సెకనుకు 960 బైట్లు మాత్రమే పోవును. తెరమీది బొమ్మ యొక్కటే వేలకొలది బైట్లుండగా, క్షణక్షణము మారు బొమ్మలను ఈ సన్నని తీగపై పంపుట యెట్లు?

పంపనక్కరలేదు. పోస్టుకార్డులపై చదరంగమాడు ఇద్దరు మిత్రులను తలచుకొనుడు. ఒకరు సికిందరాబాదున, మరియొకరు బెజవాడలో. ఎవరి బల్ల వారి యింట నున్నది. కార్డుపై ఒక్క ఎత్తు మాత్రము వ్రాయుదురు. బల్లను పోస్టులో పంపరు. సీరియల్ ఆటలలో పెక్కింటి కిటుకు ఇదియే. ప్రతి యంత్రము ఆట నంతటిని తనంతట తాను నడపుకొనును. తీగపై ఆటగాని మీటల కదలిక మాత్రమే ప్రయాణము చేయును. 1993 డిసెంబరులో వెలువడిన డూమ్ అను ఆటలో కాలము సెకనుకు 35 అంచెలుగా నడచును. ఒక్కొక్క అంచెకు ఆటగాని ఆజ్ఞ 8 బైట్లు. ముప్పదియైదు ఎనిమిదులు 280. పైని కవరు ఖర్చు కొంత చేర్చినను 960కి లోబడియే యుండును.

కాని చదరంగములో వలెనే ఇందును ఒక గండము కలదు. ఒక మిత్రుడు తన బల్లపై ఒక్క బంటును తప్పు గడిలో పెట్టినచో, తరువాత వచ్చు ఎత్తులన్నియు చెడును. యంత్రములకును అంతే. అదృష్టము చొప్పున జరుగు ఘట్టములు సయితము రెండు చోట్ల ఒకే తీరున జరుగవలెను. అందుకై డూమ్‌లో 256 సంఖ్యల పట్టిక యొకటి ముందుగనే వ్రాయబడినది. రెండు యంత్రములును దానిని ఒకే చోటనుండి చదువును. పైగా ఆ ఎనిమిది బైట్లలోనే సరిచూచుటకు ఒక చిన్న సంఖ్యను ఇమిడ్చి పంపుకొనును. అది కలియనిచో ఆట నిలిచిపోవును. తప్పు దారిన సాగుటకంటె ఆగుట మేలనునదే బ్లాకు యంత్రపు నీతి కూడ.

ఇందు మరియొక నియమమున్నది. ఒక యంత్రము వేగముగలదై, మరియొకటి నెమ్మదిదైనచో, వేగముగలది ఆగవలెను. కాడికి కట్టిన ఎడ్ల జతలో ఒకటి మాత్రమే ముందు నడువజాలదు గదా!

ఈ విద్యకు ఆది యెక్కడ? 1973లో కాలిఫోర్నియాలోని నాసా ఎయిమ్స్ పరిశోధన కేంద్రమున స్టీవ్ కోలీ, హోవర్డ్ పామర్, గ్రెగ్ థామ్సన్ అను యువకులు ఇమ్‌లాక్ యంత్రములపై ‘మేజ్’ అను ఆటను నిర్మించిరి. రెండు యంత్రములను సీరియల్ తీగతో కలిపి, గోడల సందులలో ఒకరినొకరు వెదకుకొనునట్లు చేసిరి. 1987లో అటారి ఎస్.టి. యంత్రములకు మిడి మేజ్ వచ్చినది. సంగీత వాద్యములను కలుపుటకు ఏర్పడిన మిడి తీగలతో 16 యంత్రములను వలయముగా కూర్చి ఆడెడివారు. ఆ తీగ వేగము సెకనుకు 31,250 బిట్లు. 1989లో పాప్యులస్, స్టంట్ కార్ రేసర్ అను ఆటలు ఇండ్లలోని యంత్రములను జంటలుగా కలిపినవి.

పాత యంత్రములతో దీనిని నేడును చేసి చూడవచ్చును. కనెక్టర్లు కోఠీ గుజరాతీ గల్లీ వంటి ఎలక్ట్రానిక్ సరుకుల బజారులలో దొరకును. టంకము వేయనేర్చిన విద్యార్థికి ఒక సాయంకాలపు పని. కొన్ని ఆటలు ‘సిద్ధమా’ అను సైగలను కూడ కోరును. అట్టివానికి ఏడవ, ఎనిమిదవ పిన్నులను సయితము అడ్డముగా కలుపవలెను. రెండు వైపుల వేగము ఒక్కటిగా నుంచవలెను. ఒక జాగ్రత్త మరువరాదు. ఈ తీగ రెండు యంత్రముల భూమిని కలుపును. కావున రెంటికిని ఒకే గదిలోని ఒకే ప్లగ్గుబోర్డు నుండి విద్యుత్తు నీయవలెను. ఇంటినుండి ఇంటికి తీగ లాగరాదు. చాల పాత బోర్డులపై నికెల్ కాడ్మియం బ్యాటరీ కారి రాగిదారులను తినివేయును. దానిని మొట్టమొదట తీసివేయుట మంచిది. వానకాలపు చెమ్మకు ఫ్లాపీలు బూజుపట్టును. వానిలోని దానికి నకలు తీసియుంచవలెను.

ఇది ఇప్పుడే ఏల చెప్పవలసి వచ్చినదనగా, ఉద్యోగి పదవి విరమించినపుడు క్వార్టరు ఖాళీ చేయవలెను. అటకమీది పెట్టెలు ఆనాడు క్రిందికి దిగును. ఇరువదియైదేండ్ల నాటి కంప్యూటరు ‘ఇక దీనితో పనియేమి’ అనిపించుకొని పాత సామానుల బండి యెక్కును. దానితో కూడ ఆ సన్నని బూడిదరంగు తీగయు పోవును. దాచియుంచినవారు సయితము సాధారణముగా ఒక యంత్రమునే దాతురు. కాని ఈ ఆటకు ఒక యంత్రము చాలదు. జతలో ఒకటి మిగిలినచో అది మూగది. రెండు యంత్రములు, తీగ, ఎదుట కూర్చుండు మనిషి, ఇవన్నియు ఉన్ననే అది యేమో తెలియును.

2013 జూలైలో మన దేశమున తంతి సేవ నిలిచిపోయినది. తంతి యంత్రములను ప్రదర్శనశాలలలో చూడవచ్చును. వాని చప్పుడును విని అర్థము చేసికొను చెవులు మాత్రము కరవగుచున్నవి. నేటి పిల్లలు ఎక్కడెక్కడి వారితోనో ఆడుచున్నారు. నడుమ ఏమి జరుగుచున్నదో వారికి కనబడదు. మూడు తీగల త్రాటిలో అంతయు కనబడును. చేతితో పట్టి చూడవచ్చును, తెగినచో అతుకవచ్చును. మీ అటకమీద అట్టి పెట్టె యున్నచో, బండివానిని పిలుచుటకు ముందు పక్కింటివారి అటకను గూర్చి కూడ ఒక్కమారు విచారింపుడు. జత కుదిరినను కుదురవచ్చును.