ఉప్పు తగిలితే నీలమయ్యే బంగారం

1856లో లండన్‌లోని రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో మైకేల్ ఫారడే బంగారు రేకుల వెంట పడ్డాడు. కాంతి తరంగం కన్నా పలచనైన లోహం వెలుగును ఏం చేస్తుందో తేల్చాలని పట్టుబట్టాడు. రేకులు కడిగిన నీళ్లు లేత ఎరుపులో కనిపించాయి. ఇంకొకరైతే పారబోసేవారు. ఆయన బంగారు లవణ ద్రావణానికి ఫాస్ఫరస్ చేర్చి, అచ్చం కెంపు రంగు ద్రవాన్నే తయారుచేశాడు. సూక్ష్మదర్శినిలో ఏమీ కనబడలేదు. అయినా అందులో ఉన్నది బంగారమేననీ, చూపుకందనంత చిన్న రేణువులుగా ఉందనీ 1857లో ఉపన్యసించాడు. ఆ సీసాలు కొన్ని నేటికీ అక్కడే ఉన్నాయి.

ఆ ద్రవంలో కాస్త ఉప్పు వేస్తే ఎరుపు నీలంగా మారిపోయేది. ముందే జిలాటిన్ కలిపి ఉంచితే మారేది కాదు. ఈ రెండూ ఫారడే గమనించినవే.

రంగు లెక్క 1908లో జర్మనీకి చెందిన గుస్టావ్ మీ తేల్చాడు. వెలుగు తాకితే కణంలోని స్వేచ్ఛా ఎలక్ట్రాన్లన్నీ ఉయ్యాలలా ఒక్కసారిగా ఊగుతాయి. 20 నానోమీటర్ల బంగారు కణం నీటిలో 520 నానోమీటర్ల దగ్గరి ఆకుపచ్చ వెలుగును ఎక్కువగా మింగుతుంది. అందుకే ద్రవం ఎర్రగా కనిపిస్తుంది. అయితే ఈ ఊపు కణం సొంత వ్యవహారం కాదు. చుట్టూ ఉన్న పదార్థం ధ్రువణమై, ఎలక్ట్రాన్లను వెనక్కి లాగే బలాన్ని తగ్గిస్తుంది. ఊపు నెమ్మదించి, మింగే వెలుగు ఎరుపు వైపు జరుగుతుంది. నీటికి బదులు గాజు ఉంటే వచ్చే తేడా చిన్నది, దాన్ని పట్టుకోవడానికి స్పెక్ట్రోమీటర్ కావాలి. పక్కన ఇంకో బంగారు కణమే చేరితే మాత్రం తేడా కంటికే తెలుస్తుంది. కణాల మధ్య వికర్షణను ఉప్పు అణచేస్తుంది. అవి గుంపుకట్టి కలిసి ఊగుతాయి, ద్రవం నీలమవుతుంది.

ఫారడే ఉపన్యాసం ఇచ్చిన నూట ముప్పై తొమ్మిదేళ్ల తర్వాత, 1996లో, అమెరికాలోని నార్త్‌వెస్టర్న్ యూనివర్సిటీలో చాడ్ మిర్కిన్ బృందం ఉప్పు పనిని డీఎన్ఏకు అప్పగించింది. జత కుదిరే పోగులు కణాలను దగ్గరకు లాగాయి, రంగు మారింది. వేడిచేస్తే విడిపోయి మళ్లీ ఎరుపు వచ్చింది. ఆ ఏటి ప్రయోగాల్లో నాకు అన్నిటికన్నా ముచ్చటైనది ఇదే.

గర్భ పరీక్ష, కోవిడ్ పరీక్ష స్ట్రిప్పులు చాలావాటిలో కనబడే గీత కూడా ఈ బంగారమే. అక్కడ రంగు మారడం ఉండదు. యాంటీబాడీ పూసిన కణాలు ఒకచోట చిక్కుకుని ఎర్రగా కనిపిస్తాయి, అంతే. మరి మూత్రంలోని లవణాల మాటేమిటి? పూత చాలినంత ఉంటే భయం లేదు. ఎంత చాలుతుందో తేల్చడానికి ప్రయోగశాలలో వరుసగా గొట్టాలు పెట్టి, యాంటీబాడీ మోతాదు పెంచుకుంటూ పోయి, అన్నిటిలోనూ ఉప్పునీళ్లు పోస్తారు. నీలమైనవి పక్కన పెట్టి, ఎరుపు నిలిచిన మొదటి గొట్టాన్ని బట్టి మోతాదు ఖాయం చేస్తారు.