ఉన్ని కప్పుకున్న ఎడారి బంతి

మే నెల మిట్టమధ్యాహ్నం ఉన్ని శాలువా కప్పుకుని వీధిలోకి వెళ్లారనుకోండి, చూసినవాళ్లంతా నవ్వుతారు. కాని అమెరికా నైరుతి భాగంలోనూ, ఉత్తర మెక్సికోలోనూ ఉన్న ఎడారుల్లో ఒక చిన్న మొక్క ఎప్పుడూ అలాగే ఉంటుంది. ఆకుల నిండా, కాడల నిండా తెల్లని నూగు! దూరం నుంచి చూస్తే బూడిద చల్లినట్లుంటుంది. దాని పేరు ఎడారి బంతి. శాస్త్రజ్ఞులు బెయిలియా మల్టిరేడియేటా అంటారు. సూక్ష్మదర్శినితో పరిశోధనలు చేసిన జేకబ్ విట్మన్ బెయిలీ (1811–1857) గౌరవార్థం పెట్టిన పేరది.

మన బంతికి, చేమంతికి, పొద్దుతిరుగుడుకు ఇది చుట్టమే. వాటిలాగే ఇదీ ఒకే పువ్వులా కనిపించే పూల గుంపు. మీరు పసుపుపచ్చని రేకు అనుకునేది నిజానికి ఒక చిరుపువ్వు!

ఈ మొక్క పెరిగే అరిజోనా రాష్ట్రంలోని ఫీనిక్స్ నగరంలో ఏడాదికి సగటున 20 సెంటీమీటర్ల వానైనా పడదు. కరువుకు పేరుపడిన మన అనంతపురంలోనే సుమారు 55 సెంటీమీటర్లు పడుతుంది. ఇక వేసవిలో 40 డిగ్రీలు దాటే ఎండ సరేసరి.

ఆకులు ఆహారం తయారుచేసుకోవాలంటే పత్రరంధ్రాలు తెరవాలి. తెరిస్తే ఒంట్లోని నీరు ఆవిరై పోతుంది. మూసుకుంటే పస్తే! ఈ ఇరకాటంలో మొక్కను ఆదుకునేది ఆ నూగే. తెల్లగా ఉండటంవల్ల అది ఎండను కొంత తిప్పికొడుతుంది. అంతేకాదు, వెంట్రుకల మధ్య గాలి కదలకుండా నిలిచిపోతుంది. గాలి ఆడని గదిలో ఆరేసిన బట్టలు ఎంత ఆలస్యంగా ఆరతాయో మీకు తెలుసుగా? ఇక్కడా అంతే. ఆకులోని తడి ఆ గాలి పొరను దాటి బయటపడటానికి ఆలస్యమవుతుంది.

నీటికి కటకటగా ఉండే ఆ ప్రాంతాల్లో చాలామంది స్థానిక మొక్కలతోనే తోటలు వేస్తారు. ఎడారి బంతి వాటిలో ముఖ్యమైనది. అయితే కొత్తగా పెంచేవాళ్లు పాపం ఎండిపోతుందేమోనని రోజూ నీళ్లు పోస్తారు. దాంతో వేళ్లకు గాలి అందక కుళ్లి, మొక్క చచ్చిపోతుంది! దానికి కావలసింది నీరు నిలవని గులకనేల, నిండు ఎండ, వేసవిలో ఎప్పుడైనా ఒక తడి. అంతే.

అన్నట్టు, మేకలకూ గొర్రెలకూ ఇది విషం. బీడులో వేరే మేత మిగలనప్పుడు ఆకలికి తిని ప్రాణం మీదికి తెచ్చుకుంటాయి.

పువ్వు ముదిరాక రేకులు వెంటనే రాలవు. వెలిసిపోయి, పలచని కాగితంలా కిందికి వాలి ఉంటాయి. మొక్క బతికేది కొద్దికాలమే అయినా, చుట్టూ రాలిన గింజల్లో కొన్ని వాన పడగానే మొలుస్తాయి, తరచు తోటమాలి అనుకోని చోట, కాలిబాట గులకరాళ్ల సందుల్లో.