రంగుల నెగటివులకు మరల జీవము



మన యిండ్ల ట్రంకుపెట్టెలలో నారింజవన్నె ఫిల్ముముక్కలు పెక్కు పడియున్నవి. వీనినే నెగటివు లందురు. 1984లో జరిగిన నా వివాహపు ఆల్బము వానకు తడిసి చెడినది. మా తల్లిగారి రంగులచిత్రము వేఱొకటి లేదు. నెగటివులు మాత్రము మిగిలినవి. పట్టణమున నొక దుకాణమువారు వానిని స్కాను చేసి యిచ్చిరి గాని, అందామె మొగము నీలవర్ణమై చూడరాకుండెను. దోషమెచట నున్నదో తెలిసికొని, మనుమని ప్రక్కన కూర్చుండి సరిచేయించితిని. ఆ విధానమును విన్నవించెదను.

నెగటివునందు సర్వమును విపరీతము. తెలుపు నలుపగును, పసుపు నీలమగును, ఎఱుపు నీలిపచ్చ యగును. ఇంతియే యైనచో బొమ్మను త్రిప్పిన చాలును. కాని ఫిల్మునందలి మూడు రంగులును స్వచ్ఛములు కావు. ఆపవలసిన కాంతితోపాటు ఆపరాని కాంతిని గూడ కొంత ఆపును. ఆ దోషపరిహారమునకై తయారుచేసినవారే నారింజవన్నెను కూర్చిరి. కావున నది మురికి కాదు, ప్రాతబడుటచే వచ్చినదియు కాదు. దానిని తొలగింపక త్రిప్పినచో, నారింజకు ప్రతియైన నీలము చిత్రమంతట ప్రాకును.

మొదట ఫిల్మును అంచులయందు పట్టి, మెత్తని కుంచెతో దుమ్ము దులుపవలెను. స్కానరు తానై చేయు రంగుల సవరణను మాన్పి, ఒక్కొక్క వర్ణమునకు 16 బిట్ల చొప్పున, టిఫ్ రూపమున భద్రపఱుపవలెను. బొమ్మచుట్టు నుండు ఖాళీ యంచు కొంత కలిసిరావలెను. అచట వెలుతురు పడలేదు. కావున తుదకది నలుపు కావలెను. అదియే మనకు సాక్షి.

పిమ్మట ఉచితముగ లభించు జింప్ అను సాఫ్టువేరున 'ఇన్వర్టు' చేసి, 'లెవెల్సు' తెఱచి, ఎఱుపు, ఆకుపచ్చ, నీలము అను మూడు ఛానెళ్లను వేర్వేరుగ దిద్దవలెను. ప్రతిదానియందును కొండవంటి పటము కనబడును. కొండ మొదలగుచోటికి ఎడమగుర్తును, ముగియుచోటికి కుడిగుర్తును జరుపవలెను. అంచు శుద్ధమైన నలుపైనచో నారింజ తొలగినట్లే. మూడింటిని కలిపి జరిపిన ప్రయోజనము లేదు. ఏ ఛానెలు దోషము దానిదే.

ఇక వన్నె తేలని తెల్లని వస్తువు నొకదానిని చూపి, తక్కిన ఛాయను సరిచేయవలెను. ఇచట మేము పొరబడితిమి. మనుమడు నా మధుపర్కములను తెలుపని చూపెను. యంత్రమట్లే నమ్మెను, మా తల్లిగారి మొగము మరల నీలము తిరిగెను. ఆ వస్త్రములు పసుపునీట తడిపినవని వానికేమి తెలియును? నేను వెనుకనున్న సున్నపుగోడను చూపించితిని. క్షణములో ఆమె చెక్కిళ్ల పసుపును, నొసటి కుంకుమయు తేటపడినవి.

సాఫ్టువేరునకు లెక్క తెలియును; ఆనాటి చీర రంగు తెలిసినవారము మనమే. ఫిల్ముమీది రంగులు ఏటేట వెలియుచున్నవి. మనకును వయసు మీఱుచున్నది. కావున నేడే పెట్టెలు తెఱచి పిల్లల ప్రక్కన కూర్చుండుడు. స్కానైన దని నెగటివులను పాఱవేయకుడు. తేమలేని చల్లనిచోట దాచుడు. సెలవు.