రకూన్ గారి ఇంటిపేరు

రకూన్ మన దేశపు అడవులలో లేదు. దాని పుట్టిల్లు అమెరికా. అయినా బొమ్మలలోనో సినిమాలలోనో దానిని చూడనివారు అరుదు. పిల్లికన్న కాస్త పెద్దది. బూడిదరంగు బొచ్చు, తోకకు నల్లని కట్లు, కళ్ళకు అడ్డంగా దొంగ గంత కట్టుకున్నట్లు ఒక నల్లని చార. రాత్రివేళ ఊళ్ళోకి వచ్చి చెత్తడబ్బాల మూతలు తీసి, దొరికినది తిని పోతుంది. నేను జంతుశాస్త్రం చదివినవాణ్ణి కాను. కాలేజీలో తెలుగు పాఠం చెప్పుకునేవాణ్ణి. ఈ జంతువు మీదికి నా మనసు పోవడానికి కారణం దాని పేరే.

1607లో వర్జీనియా తీరాన స్థిరపడిన ఆంగ్లేయులు అక్కడి పౌహటన్ జనం నోట ఒక మాట విని, దానిని తమ నాలుకకు అనువుగా తిప్పుకొని ‘రకూన్’ చేశారు. చేతులతో గోకేది అని ఆ మూలపదానికి అర్థం చెబుతారు. అక్కడికి ఎంతో దూరాన, మెక్సికోలో నావాటల్ భాష మాట్లాడేవారు దానినే ‘మపాచ్‌త్లి’ అన్నారు. అన్నిటినీ చేతబట్టేది అని దాని భావం. చూడండి, ఎక్కడివారో రెండు జాతులవారు ఆ వింత ముఖాన్నీ, ఆ కట్ల తోకనూ వదిలిపెట్టి, దాని చేతులను చూసి పేరు పెట్టారు!

ఐరోపా పండితుల దారి వేరు. వారు ముందుగా చుట్టరికం కలపాలనుకున్నారు. 1758లో లినేయస్ దానికి ‘ఉర్సుస్ లోటార్’ అని నామకరణం చేశాడు. అంటే కడిగే ఎలుగుబంటి. జర్మన్ భాషలో ఈనాటికీ అది ‘వాష్‌బేర్’, అదే అర్థం. 1780లో స్టోర్ అనే మరొక పండితుడు దానిని ఎలుగుబంటి ఇంటినుంచి తప్పించి ‘ప్రోసియాన్’ అన్నాడు. కుక్కకు ముందటిది అని ఆ గ్రీకు మాటకు అర్థం. ఎలుగు పోయి కుక్క వచ్చిందన్నమాట!

ఇంతకూ ఆ కడుగుడు సంగతేమిటి? పంజరంలో పెంచే రకూన్‌కు ఏమి పెట్టినా తొట్టిలో ముంచి, రెండు చేతులా పిసికి, ఆ తరువాత నోట పెట్టుకుంటుంది. చూసినవారు దీని మడి, ఆచారం ఎంత గొప్పవో అని మెచ్చుకున్నారు. 1963లో లయల్ వాట్సన్ అనే శాస్త్రజ్ఞుడు పరీక్షించి చూస్తే మడీ లేదు, ఆచారమూ లేదు. తిండి శుభ్రంగా ఉన్నా మురికిగా ఉన్నా దానికి ఒకటే. అడవిలో ఉన్నప్పుడు అది వాగు ఒడ్డున కూర్చుని, చూపు ఎటో పెట్టి, చేతులు మాత్రం నీటిలో ఆడిస్తూ రాళ్ళ సందుల రొయ్యజాతి పురుగునో కప్పనో తడిమి పట్టుకుంటుంది. పంజరంలో వాగు లేదు. కనుక తొట్టినే వాగు చేసుకుని, పెట్టిన తిండినే మళ్ళీ ‘వేటాడుతుంది’.

అంతకు ముందే, 1959లో, వెల్కర్, సైడెన్‌స్టైన్ అనే ఇద్దరు దాని మెదడును పరిశీలించారు. స్పర్శజ్ఞానానికి ఏర్పడిన భాగంలో చాలా చోటు అరచేతులకూ వేళ్ళకే పోయింది. పైగా వేలికొక విడి గది! మన మెదడుకు కన్ను ఎటువంటిదో దాని మెదడుకు చెయ్యి అటువంటిది. పౌహటన్ జనానికి, మెక్సికో జనానికి ఏ మైక్రోస్కోపూ లేకుండానే ఈ సంగతి తెలుసుననిపిస్తుంది నాకు.

రకూన్ కుటుంబంలో మిగిలినవారి గతీ ఇంతే. కోటీ అని ఒకటి ఉన్నది. పొడుగాటి ముక్కు, నిటారుగా నిలబెట్టిన తోక. 1766లో లినేయస్ దానిని మన పునుగుపిల్లి వంశంలో చేర్చాడు. ఆడ కోటీలు పిల్లలతో మందలుగా తిరుగుతాయి. ఎదిగిన మగది ఒంటరి. మందను ఒకచోట, ఒంటరిని మరొకచోట చూసినవారు అవి రెండు వేరు వేరు జాతులని చాలాకాలం నమ్మారు. భార్యాభర్తలకు చెరొక ఇంటిపేరు పెట్టారు, పాపం! చెట్లమీద తోకతో వేళ్ళాడుతూ పండ్లు తినే కింకజూను 1774లో ష్రేబర్ లీమర్ అన్నాడు. అసలు ‘కింకజూ’ అన్న పేరే దానిది కాదు. ఉత్తరాన మంచుదేశంలో ఉండే వుల్వరీన్ అనే వేరొక జంతువు పేరును ఫ్రెంచివారు తెచ్చి దీనికి తగిలించారు.

ఇక హిమాలయాల ఎర్రపాండా కథ. ఇదీ కట్ల తోకదే, ముఖాన చారలదే. 1825లో కూవియే దానికి పెట్టిన పేరుకు నిప్పులా మెరిసే పిల్లి అని అర్థం. తరువాత చాలాకాలం రకూన్ కుటుంబంలోనే లెక్కించారు. జన్యువులను పోల్చే విద్య వచ్చిన తరువాత అది అటు పెద్దపాండాకూ దగ్గర కాదు, ఇటు రకూన్‌కు తోబుట్టువూ కాదని తేలింది. పెద్దపాండా ఎలుగుబంట్ల ఇంటికి చేరింది. ఎర్రపాండాది సొంత ఇల్లు. రకూన్‌కు దూరపు చుట్టం. డార్జిలింగులో దానిని పెంచి అడవికి పంపే జంతుశాల మన హైదరాబాదు ఆడపడుచు పద్మజా నాయుడు పేరిట ఉన్నది. అటు వెళ్ళినవారు తప్పక చూడండి.

రకూన్‌కు మన గోదావరి డెల్టాలోనూ ఒక చుట్టం ఉన్నది. కోరింగ మడ అడవులలో చేపలు పట్టే నీటికుక్క. అది కుక్క కాదు, మనమూ తక్కువ తినలేదు! రూపంలోనూ, రాత్రిపూట పండ్లు తినే అలవాటులోనూ రకూన్‌ను తలపించే పునుగుపిల్లి మాత్రం చుట్టమే కాదు. అది పిల్లుల పక్షం.

పేరు తప్పినంతమాత్రాన జంతువుకు వచ్చిన నష్టమేమిటి అని మీరు అడగవచ్చు. రింగర్ల్ సంగతి వినండి. 1960ల చివర కొలంబియానుంచి అమెరికాకు తెచ్చిన ఒక ఆడజంతువు అది. రకూన్ కుటుంబానికే చెందిన ఒలింగో అని పోల్చుకున్నారు. జత కట్టించాలని ఒక జంతుశాలనుంచి మరొకదానికి తిప్పారు. లూయీవిల్, వాషింగ్టన్, న్యూయార్క్ — ఎక్కడికి తీసుకుపోయినా ఒలింగో మగవాటితో అది కూడలేదు. మొండిదనుకున్నారు కాబోలు.

2003లో క్రిస్టఫర్ హెల్గెన్ అనే శాస్త్రజ్ఞుడు షికాగో మ్యూజియం సొరుగులలో ఒలింగో తోళ్ళు వెతుకుతూ, కొన్ని ఎర్రని తోళ్ళ దగ్గర ఆగిపోయాడు. పుర్రెలు చిన్నవి, పళ్ళు వేరు. 2006లో ఈక్వడార్ కొండలలో, మేఘాలు కమ్మిన అడవిలో ప్రాణంతో ఉన్న జంతువును చూశారు. 2013 ఆగస్టులో దానికి ‘ఒలింగిటో’ అని పేరు ప్రకటించారు. లాటిన్ పేరులోని ‘నెబ్లీనా’ అన్న మాటకు పొగమంచు అని అర్థం. ఆ అడవులలో నూటికి 42 వంతులు అప్పటికే పొలాలూ ఊళ్ళూ అయిపోయాయని వారి అంచనా.

రింగర్ల్ ఒలింగో కాదు, ఒలింగిటో. అది తిరిగిన జంతుశాలలలో ఎక్కడా దాని జాతి మగది లేనే లేదు. 1976లో న్యూయార్క్ బ్రాంక్స్ జంతుశాలలో చనిపోయేదాకా ఒలింగోల లెక్కలోనే ఉన్నది.